ఇరవై ఐదు పెట్టెల తూటాలు

"ఆ మాట పిల్ల ఎదురుగానే అన్నాడా?"

డుగల్ అఫ్లెక్ తలూపాడు. పది రోజుల కిందట ఆవు తన్నిన కుడి చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. ఎడమచేతిలో టీ ఎప్పుడో చల్లారిపోయింది.

"ఇదిగో, ఈ బల్ల దగ్గరే నిలబడి అన్నాడు. ఇంట్లో ఇరవై బోరు తుపాకి ఎవరిదని అడిగాడు. టెస్సాది అన్నాను. అయితే ఇంకేముంది, మీ అమ్మాయి తూటా మీ ఆవిడ జేబులో కలిసిపోయింది, అంతే అన్నాడు. అది విని పైకెళ్ళి తలుపేసుకుంది. పదమూడేళ్ళు దానికి. పిలిస్తే పలకట్లేదు."

డిటెక్టివ్ సార్జెంట్ రిపెకా బ్రాగ్ నోట్‌బుక్ మూసి బల్ల మీద పెట్టింది. పెట్టడం కాదు, కొట్టింది. తల్లి చచ్చిపోయి ఆరుగంటలు కాలేదు. చంపింది నువ్వేనని ఆ పిల్లతో చెప్పి, టోపీ పెట్టుకుని, బిస్కెట్టు ఒకటి నోట్లో వేసుకుని బయటికి వెళ్ళాడట ఇన్‌స్పెక్టర్ గార్త్ పెల్హామ్.

బాతుల వేటకు అది మొదటి రోజు. పొద్దున ఆరున్నరకు కాల్పులకు అనుమతి. ఆరూ ముప్పై ఎనిమిదికి డుగల్ భార్య కిర్‌స్టీ చేతుల్లో తుపాకి గొట్టం చీలి, ఇనుపముక్క ఆమె మెడలో దిగింది. అంబులెన్సు వచ్చేసరికి ఏడూ ఇరవై. ఇన్వర్‌కార్గిల్ ఆసుపత్రి ఇంకా సగం దూరం ఉండగానే ప్రాణం పోయింది. తొమ్మిదింటికి పెల్హామ్ వచ్చాడు. పదకొండింటికల్లా ప్రమాదమని తేల్చేశాడు. పక్క జిల్లాలో దొంగతనం కేసు మీద ఉన్న రిపెకా వచ్చేసరికి ఒంటిగంట దాటింది.

ప్రమాదం ఎలా జరిగిందో పెల్హామ్ చెప్పినంతవరకూ నిజమే. పన్నెండు బోరు గొట్టంలో ఇరవై బోరు తూటా నిలవదు. బోరు అంకె పెరిగేకొద్దీ తూటా సన్నమవుతుంది కాబట్టి లోపలికి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. వెనకనుంచి చూస్తే గొట్టం ఖాళీగానే ఉంటుంది. దాని వెనక మరో తూటా పేలిస్తే ఉక్కు గొట్టమైనా తట్టుకోలేదు. ఆ పొరపాటు జరక్కూడదనే ఇరవై బోరు తూటాలు పసుపు రంగులో చేస్తారు. కెల్లాస్ ఫ్లాట్ అనే ఈ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా పిల్లల చేతికి తుపాకి ఇచ్చేముందు మొదట చెప్పే సంగతి అదే.

"డుగల్, నాకోసం ఇంకొక్కసారి చెప్పు. అన్నీ వరసగా. మాటులో ఎవరెవరున్నారు?"

"నేను, కిర్‌స్టీ, కుక్క. ఈ చెయ్యితో నేనేం కాలుస్తాను? కుక్కని పట్టుకుని కూచున్నాను. టెస్సా ఇంట్లోనే ఉంది, జలుబు."

"తూటాలు?"

"కొత్త పెట్టె. అది కూడా మాటులోకి వెళ్ళాకే విప్పింది. పైన ఉన్న డబ్బా తీసి, రెండు తూటాలు తుపాకిలో వేసుకుంది. మొదటి బాతుల గుంపు వచ్చింది. ఒకటి పేలింది. రెండోది టిక్‌మంది, అంతే. ఒక బూతుమాట అనుకుని తుపాకి మధ్యకి మడిచి చూసింది. ఖాళీ గొట్టం, వెయ్యడం మర్చిపోయానేమో అంది. ఇంకో రెండు వేసింది." అతను కప్పులోకి చూశాడు. "తరవాత నీకు తెలుసు."

"జేబులోంచి ఏమైనా తీసిందా?"

"లేదు. డబ్బా ఒళ్ళోనే ఉంది."

"చీకటిగా ఉందా?"

"బాతు నీడ కనబడుతుంది. చేతిలో ఉన్నదాని రంగు కనబడదు."

రిపెకా లేచి ఫ్రిజ్ దగ్గరకు వెళ్ళింది. తలుపు మీద పాల కంపెనీ వాళ్ళిచ్చిన అయస్కాంతం బిళ్ళ కింద టెస్సా స్కూలు చీటీ ఉంది. చీటీ బల్ల మీద పెట్టి బిళ్ళ జేబులో వేసుకుంది.

"ఇది కాసేపు అరువిస్తావా?"

డుగల్ ఆ చీటీని దగ్గరకు లాక్కుని, "తీసుకో," అన్నాడు.

*

మాటు ఇంటికి నాలుగు వందల అడుగుల దూరంలో, చెరువు గట్టున ఉంది. పాత పలకలు, రేకు కప్పు, పైన ఎండుగడ్డి. ముందు ఛాతీ ఎత్తున కాల్చడానికి వదిలిన ఖాళీ. కాపలా ఉండాల్సిన కానిస్టేబుల్‌ని పెల్హామ్ పంపేశాడు. కట్టిన తాడొక్కటే మిగిలింది.

రిపెకా మోకాళ్ళ మీద కూర్చుని పని మొదలుపెట్టింది. తుపాకి ముక్కల్ని పొద్దునే తీసుకెళ్ళారు. జాబితా ఆమె దగ్గర ఉంది: చీలిన కింది గొట్టం, అందులో పేలిన పన్నెండు బోరు తూటా ఒకటి. పై గొట్టంలో పేలనిది ఒకటి. నేల మీద మొదట పేలిన తూటా ఖాళీ తొడుగు, బురదలో తొక్కుడు పడి ఉంది. మూడు. జారి ఇరుక్కున్నది నాలుగు.

తెరిచిన డబ్బా బెంచీ కింద పడి ఉంది. డబ్బాకి ఇరవై ఐదు అని అట్ట మీద అచ్చేసి ఉంది. ఆమె ఒక్కొక్కటే తీసి పలక మీద నిలబెట్టింది. ఇరవై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై ఒకటే.

ఇరవై ఒకటీ నాలుగూ ఇరవై ఐదు. పసుపు తూటా జేబులోంచి వచ్చి ఉంటే డబ్బాలోంచి పోయినవి మూడే కావాలి, ఇరవై రెండు మిగలాలి. అంటే పసుపు తూటా ఈ డబ్బాలోనే ఉంది. ఎవరో ఒక పన్నెండు బోరు తీసి, ఆ ఖాళీలో దీన్ని కూర్చోబెట్టారు.

"పెల్హామ్‌కి ఇరవై ఐదు దాకా అంకెలు రావు కాబోలు," అంది రిపెకా పైకే.

వెనక గోడ పలకల్లో తూట్లు పడ్డాయి. చాకుతో గీకి తూటాల్లోని గుళ్ళు కొన్ని అరచేతిలోకి తీసుకుని బిళ్ళ దగ్గర పెట్టింది. సగం ఎగిరి అతుక్కున్నాయి. సగం కదల్లేదు. కదలనిదాన్ని గోటితో నొక్కితే మెత్తగా గాటు పడింది. సీసం.

చెరువు దగ్గర సీసపు గుళ్ళు నిషేధం. పక్షులు తిని చస్తున్నాయని ఉక్కువి మాత్రమే కాల్చమంటున్నారు. కిర్‌స్టీవి ఉక్కువి. టెస్సా తూటాలు, ఇంట్లో ఇనప్పెట్టెలో తాళం వేసి ఉన్న డబ్బా, రిపెకా ఇటు వచ్చేముందే చూసింది. అవీ ఉక్కువే.

పలకకీ దూలానికీ మధ్య ఏదో మెరిసింది. పట్టకారుతో లాగితే వచ్చింది. ఇరవై బోరు తూటా ఇత్తడి అడుగుభాగం, ఒక పక్క నలిగి. అంకె స్పష్టంగా ఉంది. అంకె కింద రెక్క చాచిన కొంగ గుర్తు. పదిహేనేళ్ళుగా తుపాకుల కేసులు చూస్తున్న రిపెకాకి ఆ గుర్తు తెలియదు.

చివరికి పెట్టె. పది డబ్బాలు పట్టే అట్టపెట్టె. మూత మీద ఆన్‌లైన్ కంపెనీ వాళ్ళ ఎర్ర అక్షరాల టేపు ఉంది. ఆ టేపు మధ్యలో చాకుతో నిలువునా కోసి, దాని మీదనుంచి మామూలు తెల్ల టేపు అతికించి ఉంది. కిర్‌స్టీ ఆ తెల్ల టేపుని గుంజి చింపింది. కింద ఉన్న కోత మాత్రం ఆమె చేసింది కాదు. గీత స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. చీకట్లో, కుక్క గోల చేస్తుంటే, ఎవరూ అంత తిన్నగా కొయ్యరు.

*

పెల్హామ్ కొట్టం దగ్గర ట్రాక్టరుకి ఆనుకుని ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆమెని చూసి వేలెత్తి ఆగమన్నాడు. రిపెకా ఆగలేదు. ఇత్తడి ముక్క ఉన్న సంచీని అతని కళ్ళముందు వేలాడదీసింది.

"తరవాత చేస్తాను," అని ఫోన్ పెట్టేశాడు. "ఏంటి రిపెకా? మీ తెగవాళ్ళంతా ఏటా లాగే దీవికి పక్షుల్ని పట్టడానికి పోయారు కదా, నువ్వూ వెళ్ళకపోయావా?"

"వెళ్ళేదాన్ని. మీలాంటివాళ్ళు ఇక్కడ ఉంటే కుదరదు. ఆ పిల్లకి ఏం చెప్పారు మీరు?"

"నిజం చెప్పాను."

"అబద్ధం చెప్పారు. తూటా జేబులోది కాదు, డబ్బాలోది. లెక్కపెట్టాను. గుళ్ళు సీసం. ఆ పిల్లవి ఉక్కువి. పెట్టె కోసి మళ్ళీ అతికించారు. మీరు రెండుగంటలున్నారు ఇక్కడ. మోకాలు వంచలేదు కదా ఒక్కసారైనా?"

పెల్హామ్ ముఖం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు. పై అధికారి గొంతు పెంచాల్సిన అవసరం ఉండదని అతని నమ్మకం.

"సరే, జేబులోది కాదు. అయితే ఫ్యాక్టరీలో కలిసింది. చవక సరుకు. గోడౌనులో ఎవడో పెట్టె కోసి చూసుకుని అతికించి ఉంటాడు. ఆన్‌లైన్‌లో కొనొద్దని ఊరంతా మొత్తుకుంటూనే ఉంది. ఆవిడ విన్లేదు. చావుకి కారణం తేల్చడం కరోనర్ పని. హత్యా, గిత్యా అని నువ్వు తల పెట్టకు."

"ఒక ఫ్యాక్టరీలో సీసపు ఇరవై బోరు, ఉక్కు పన్నెండు బోరు ఒకే డబ్బాలో పడతాయా? మిగతా పెట్టెలు ఎక్కడ? వచ్చేటప్పుడు తొమ్మిది చూశాను ఈ కొట్టంలో."

కిర్‌స్టీ ఒక్కదానికోసం తెప్పించలేదు. ఇరవై ఐదు కుటుంబాలు కలిసి ఆర్డరిచ్చాయి. ఇంటికో పెట్టె. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క తుపాకుల దుకాణంలో కంటే డబ్బాకి పదకొండు డాలర్లు తక్కువ. పదిహేను కుటుంబాల వాళ్ళు నిన్ననే తీసుకెళ్ళారు.

"ఇచ్చేశాను," అన్నాడు పెల్హామ్.

"ఏం ఇచ్చేశారు?"

"వాళ్ళ సరుకు వాళ్ళకి. రెండింటికి వచ్చి అడిగారు. సాయంత్రం వేటకి వెళ్ళాలిట. సంతకాలు తీసుకున్నాను."

"సాక్ష్యం అది. విప్పి చూశారా ఒక్కటైనా?"

"రెండు పెట్టెలు పైనుంచి చూశాను. అతికించినవి అతికించినట్టే ఉన్నాయి. చూడు, ఇంటికెళ్ళి రిపోర్టు రాసుకో. ఇది ఆజ్ఞ అనుకో."

అతను సంతకాల కాగితాలు పట్టుకుని కారు వైపు నడిచాడు. రిపెకా అతని వెనక వెళ్ళలేదు. ట్రాక్టరు సీటు మీద అతను మర్చిపోయిన మిగతా కాగితాలున్నాయి. పై కాగితం ఆన్‌లైన్ కంపెనీ పంపిన సరుకు చీటీ. అందరి లైసెన్సు నంబర్లు, పోలీసు వెబ్‌సైటులో సరిచూసిన తేదీ, సమయం, నిమిషాలతో సహా ఉన్నాయి. అడుగున, అందజేసిన సమయం: గురువారం సాయంత్రం నాలుగూ పది.

ఆమె వంటింటి తలుపు దగ్గరకు వెనక్కి వెళ్ళింది.

"డుగల్, ఈ సరుకు మీ ఇంటికి ఎప్పుడొచ్చింది?"

"శుక్రవారం. పాలు పితికాక. తొమ్మిదిన్నర."

"గురువారం కాదూ?"

"గురువారం మేమిద్దరం నా చెయ్యి చూపించుకోడానికి వెళ్ళాం. లైసెన్సు ఉన్నవాళ్ళు ఇంట్లో లేకపోతే తూటాలు దింపరు కదా." అతను కాస్త ఇబ్బందిగా కదిలాడు. "కిర్‌స్టీ ఫోన్ చేసి తుపాకుల దుకాణం నార్మన్‌ని బతిమాలింది. ఆయన దుకాణంలో దింపారు ఆ రాత్రికి. ఆయన ఒప్పుకుంటాడనుకోలేదు నేను. ఒప్పుకున్నాడు."

పదిహేడు గంటల ఇరవై నిమిషాలు సరుకు ఆ దుకాణంలో ఉంది. సరుకు చీటీ మీద చిన్న సంతకం ఉంది. ఎన్.జి. పెల్హామ్ దాన్ని చూసి ఉండడు. చూసినా ఎవరిదని అడిగి ఉండడు.

రిపెకా మెట్లెక్కి టెస్సా గది తలుపు ముందు నిలబడింది. తట్టలేదు.

"టెస్సా, నేను పోలీసు రిపెకాని. తలుపు తియ్యక్కర్లేదు. నీ తూటా కాదమ్మా అది. లెక్కపెట్టి చెబుతున్నాను. ఆ పెద్దమనిషి లెక్కపెట్టకుండా చెప్పాడు. విన్నావా?"

తరవాత లోపలి నుంచి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. డుగల్ ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కుతుంటే ఆమె పక్కకు తప్పుకుని దారిచ్చింది.

*

నార్మన్ గాలోవే దుకాణానికి చేరేసరికి నాలుగు కావడానికి పది నిమిషాలుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, కౌంటరు వెనక తుపాకి ఒకటి విప్పి నూనె పెడుతున్నాడు. పక్కన పళ్ళెంలో జున్ను చుట్టి కాల్చిన రొట్టెలు, ఎవరూ ముట్టనివి. ఏటా ఈ రోజున దుకాణంలో కాలు పెట్టే చోటుండేది కాదు. ఇప్పుడు ఆయనొక్కడే ఉన్నాడు.

"తూటాలు కావాలా అమ్మాయ్? బోలెడున్నాయి. కొనేవాళ్ళే లేరు."

"కిర్‌స్టీ గురించి వచ్చాను."

"పాపం." ఆయన నిజంగానే అన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మొదటి తుపాకి నేనే అమ్మాను దానికి. పదహారేళ్ళప్పుడు. భుజానికి ఆనించే చెక్క పెద్దదవుతోందని అరంగుళం కోసిచ్చాను, ఉత్తినే. ఆ ఆన్‌లైన్ వాడికి దాని లైసెన్సు నంబరు తెలుసు. నాకు దాని భుజం తెలుసు. ఏం లాభం?"

"మీరు వేట ముందువారం రేటు పెంచుతారని డుగల్ అంటున్నాడు. రెండు రకాలకు మించి పెట్టరని, బుధవారానికే అయిపోతాయని."

"పెంచుతాను. ఏడాదిలో ఆ మూడు వారాలే నాకు బేరం. మిగతా నలభై తొమ్మిది వారాలు ఊరికే వచ్చి, నా పొయ్యి దగ్గర చలికాచుకుని, నా తుపాకులు చేత్తో పట్టుకుని చూసి, ఇంటికెళ్ళి కంప్యూటర్లో కొంటారు. తుపాకి పాడైతే మళ్ళీ ఎవరి దగ్గరికి? నా దగ్గరికే." గొంతు గట్టిపడింది. "గురువారం చూడు ఏం జరిగిందో. నన్ను ముంచే సరుకు దింపుకోడానికి వాళ్ళకి నా దుకాణమే కావాల్సొచ్చింది."

"ఎందుకొప్పుకున్నారు?"

"రోడ్డు మీద వదిలెయ్యమంటావా తూటాల్ని? లైసెన్సు ఉన్నవాడిని. సంతకం పెట్టాను, లోపలి గదిలో పెట్టి తాళం వేశాను. పొద్దున వాళ్ళకప్పగించాను."

"సాయంత్రం మీరెక్కడ?"

"అయిదున్నర నుంచి ఎనిమిది దాకా ఫైర్ స్టేషన్లో. గురువారం మా స్వచ్ఛంద దళానికి తర్ఫీదు. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క గురువారం తప్పలేదు."

రిపెకా సంచీ తీసి కౌంటరు మీద, నూనె గుడ్డ పక్కన పెట్టింది.

నార్మన్ కళ్ళద్దాలు సర్దుకుని వంగాడు. కొంగ గుర్తు చూశాడు. చాలాసేపు చూశాడు. వంగినవాడు వంగినట్టే ఉండి, కౌంటరు అంచు పట్టుకున్నాడు.

"ఎవరు చేసేవారు ఇవి?"

"ఆ కంపెనీ మూతపడి ఆరేళ్ళయింది."

"ఊళ్ళో ఇంకెవరి దగ్గరైనా ఉంటాయా?"

ఆయన చూపు అర వైపు పోయింది. ఆమె చెయ్యి చాచింది. ఆయన అరలోంచి నల్ల అట్ట పుస్తకం తీసి ఇచ్చాడు. నిల్వ సరుకు పుస్తకం. ముత్యాల్లాంటి అక్షరాలు. మార్చి నెల లెక్కలో, 'ఇరవై బోరు, సీసం, కొంగ మార్కు, అమ్మకానికి పనికిరావు, నాలుగు డబ్బాలు' అని ఉంది.

"ఆ నాలుగూ చూపించండి."

"బల్ల కింద ఉంటాయి."

"చూపించండి నార్మన్."

ఆయన వంగి ఒక్కొక్కటే పైన పెట్టాడు. ఒకటి. రెండు. మూడు. తరవాత చెయ్యి బల్ల కింద అటూ ఇటూ తడిమి, ఉత్తిగా పైకొచ్చింది.

"నేనే పెట్టాను," అన్నాడు.

"ఏం పెట్టారు?"

"ఆ తూటా. కిర్‌స్టీ పెట్టెలో. కోపం వచ్చి పెట్టాను. రాసుకో."

"పెట్టె దేంతో కోశారు?"

"చాకుతో."

"ఏ టేపుతో అతికించారు?"

"గోధుమ రంగుది." ఆయన కళ్ళు ఆమె ముఖంలో జవాబు వెతుక్కున్నాయి. దొరకలేదు.

"మీకు అబద్ధం చెప్పడం రాదు. ఎవర్ని కాస్తున్నారో నాకు తెలియదా? ఈ ఇంట్లో ఉండేది మీరూ మీ ఆవిడా, ఇద్దరే. ఒక పిల్ల గదిలో తలుపేసుకుని, అమ్మని తనే చంపాననుకుంటూ కూర్చుంది పొద్దున్నుంచి. తెలుసా మీకది? పదమూడేళ్ళ పిల్ల."

లోపలి గది తలుపు తెరుచుకుంది. నార్మన్ భార్య ఐలీన్ గాలోవే టీ కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. అది ఆమె చేతిలో ఉన్నట్టు ఆమెకే గుర్తు లేనట్టుంది.

"ఏ పిల్ల?" అంది.

"ఐలీన్, నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు నార్మన్.

"ఏ పిల్ల అంటున్నాను."

"టెస్సా. ఇరవై బోరు తుపాకి ఆ ఇంట్లో దానిదొక్కదానిదే. అందుకని నింద దాని మీద పడింది."

ఐలీన్ కెటిల్ని రొట్టెల పళ్ళెం పక్కన దించింది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. వణకలేదు. ఏడవలేదు. ముఖమంతా కోపమే, అది ఎవరి మీదో ఆమెకే తేలినట్టు లేదు.

"పసుపు తూటా అది. నిమ్మకాయలా కనబడుతుంది. ఎవరైనా చూస్తారు. చూసి ఆన్‌లైన్ వాడి మొహాన కొడతారు. తప్పుడు సరుకు పంపాడని ఊరంతా చెప్పుకుంటుంది, మళ్ళీ ఇక్కడికొస్తారు. అంతే నేననుకున్నది. నలభై ఒక్క ఏళ్ళుగా వేట రోజున ఈయన తెల్లారి అయిదింటికి తలుపు తీస్తాడు. ఎందుకో తెలుసా? తూటాలు మర్చిపోయిన తాగుబోతు వెధవ ఒక్కడైనా ఉంటాడని. ఈ పొద్దున కూడా తీశాడు. ఒక్కడు రాలేదు. ఆ కుర్చీలో కూచుని ఎనిమిదింటిదాకా తలుపు వైపే చూశాడు. నేను చూశాను ఈయన్ని."

"ఐలీన్," అన్నాడు నార్మన్.

"వెలుతుర్లో చూస్తారనుకున్నారు," అంది రిపెకా. "వేట మొదలయ్యేది చీకట్లో. ఆ సంగతి ఈ ఊళ్ళో మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు."

"ఇంట్లో విప్పుకుంటారనుకున్నాను. సంచుల్లో సర్దుకునేటప్పుడు చూస్తారని. చూశారు కూడా. శుక్రవారం సాయంత్రం ముగ్గురొచ్చారు నవ్వుకుంటూ. పన్నెండు బోరు మధ్య పసుపుది వచ్చిందమ్మా, ఆన్‌లైన్ చెత్త అన్నారు. నాకిచ్చి వెళ్ళారు. జాడీలో వేశాను. సంతోషించాను నేను. ఆ ముగ్గురూ అలా అంటే."

రిపెకా వినడం మధ్యలోనే ఆపేసింది. ముగ్గురు. కిర్‌స్టీ కాక ముగ్గురు.

"ఐలీన్, నావైపు చూడండి. ఎన్ని పెట్టెలు కోశారు?"

"అన్నీ."

"అన్నీ అంటే?"

"ఇరవై ఐదు. డబ్బాలో ఇరవై ఐదున్నాయి కదా. పెట్టెకొకటి, పై డబ్బాలో. ఈయన ఎనిమిదింటికి వచ్చేలోపు అయిపోయింది."

నార్మన్ కుర్చీలో కూలబడ్డాడు. గోడ గడియారం నాలుగూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది. ఈ కాలంలో అయిదున్నరకి పొద్దు గూకుతుంది. అయిదింటి నుంచి బాతులు చెరువుల మీదకి దిగుతాయి. మసక వెలుతురు, గుంపులు గుంపులు, చేతికందిన తూటా అందినట్టు గొట్టంలో దూర్చే వేళ.

ఇరవై ఐదులో ఒకటి కిర్‌స్టీని చంపింది. మూడు జాడీలో ఉన్నాయి. ఇరవై ఒకటి బయట ఉన్నాయి. వాటిలో తొమ్మిది పెట్టెలు ఈ మధ్యాహ్నమే, టేపు కూడా ఊడకుండా, తిన్నగా మాటుల్లోకి వెళ్ళాయి.

ఆమె ఫోన్ తీసింది. పెల్హామ్ మూడో మోతకి ఎత్తాడు.

"రిపోర్టు అయిందా?"

"నువ్విచ్చిన తొమ్మిది పెట్టెలు ఎవరెవరికిచ్చావో పేర్లు చదువు."

"నువ్వా? ఎవరితో మాట్లాడుతున్నావో..."

"పేర్లు చదువు పెల్హామ్. ప్రతి పెట్టెలోనూ ఒకటుంది. దుకాణంలో పెట్టారు, ఒప్పుకున్నారు. పై డబ్బాలో. మొదట విప్పేది అదే. నువ్వు సంతకం తీసుకుని మరీ పంచిపెట్టావు."

అటువైపు కాగితాల చప్పుడు. చదవడం మొదలుపెట్టాడు. మూడో పేరు దగ్గర గొంతు తడబడింది. అయిదో పేరుకి వచ్చేసరికి అతని మాటలో పై అధికారి ఎక్కడా మిగల్లేదు. ఆమె రాసుకుంది.

"నది అవతలి వాటికి నువ్వెళ్ళు. ఇప్పుడే. సైరన్ వేసుకుని. మిగతావాళ్ళకి ఫోన్లు చేయించు."

"ఆ లోయలో ఫోన్లు పనిచెయ్యవు రిపెకా."

"తెలుసు." పెట్టేసింది.

నార్మన్ అప్పటికే లేచి నిలబడ్డాడు. గోడకున్న మేకు నుంచి ఫైర్ స్టేషన్ తాళంచెవులు తీశాడు.

"ఊరి సైరన్ ఎనిమిది కిలోమీటర్లు వినబడుతుంది. మోగితే మా దళంలో ఉన్నవాడు ఎక్కడున్నా తుపాకి కింద పెట్టి పరిగెత్తుకొస్తాడు. ప్రతి రెండో మాటులో మావాడొకడుంటాడు. ఆపకుండా మోగిస్తాను. వచ్చినవాణ్ణి వచ్చినట్టే వెనక్కి పంపుతాను, మిగతావాళ్ళకి చెప్పమని."

"వెళ్ళండి."

ఆయన భార్య పక్కనుంచి వెళ్ళాడు, ఆమె వైపు చూడకుండా. వీధిలో పరిగెత్తడం మొదలుపెట్టాడు, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నూనె మరకల ఏప్రన్‌తోనే.

"నన్ను తీసుకెళ్ళవా?" అంది ఐలీన్.

"తీసుకెళ్తాను. ఎవరెవరు ఎక్కడ మాటు కడతారో ఈ ఊళ్ళో మీకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. దారి చెప్పండి. కారెక్కండి."

ఐలీన్ కోటు కోసం చూసుకోలేదు. రిపెకా కారు తిప్పేసరికి నాలుగూ నలభై అయింది. సైరన్ ఇంకా మొదలవ్వలేదు. దళసరి మబ్బు కప్పేసి, అనుకున్నదానికంటే ముందే చీకటి పడుతోంది. మొదటి వంతెన దాటుతుండగా నెత్తి మీదుగా బాతుల బారు ఒకటి నది వైపు దిగింది.

"ఎడమకి," అంది ఐలీన్. "ఆ పాప్లార్ చెట్ల వెనక మెక్‌రోరీ వాళ్ళ చెరువు. తండ్రీ ఇద్దరు కొడుకులూ ఉంటారు."

మెక్‌రోరీ. పెల్హామ్ చదివిన పేర్లలో మూడోది.

రిపెకా చక్రం తిప్పింది. కారు గులకరాళ్ళ మీద జారుకుంటూ మలుపు తిరిగింది. వెనక ఊళ్ళోంచి సైరన్ సన్నగా లేచి పెరుగుతోంది. ముందు చెట్ల వెనకనుంచి అప్పటికే తుపాకులు పేలడం మొదలయ్యాయి.